దయ లేని దమము



గత మాఘమాస ప్రారంభమున హైదరాబాదులో మా కోడలు రెండవ కాన్పున మగశిశువును ప్రసవించినది. సంతోషముతో పాటు పురుడును వచ్చినది. 10 దినములు ఆలయప్రవేశము లేదు, అర్చన లేదు, వేదోచ్చారణము లేదు. మానసికముగా సంధ్యను నడుపుకొనుట తప్ప మరి యే యనుష్ఠానమును లేదు. ఎనిమిదవ యేట పాఠశాలలో అడుగిడి, 12 సంవత్సరములు తైత్తిరీయశాఖను అధ్యయనము చేసి, 30 ఏండ్లకు పైగా గోదావరీతీరమున ఒక శివాలయమున అర్చకత్వము నెరపుచున్న నాకు, పని లేని ప్రాతఃకాలము ఎట్లుండునో తెలియదు. కుమారుని యింట కూర్చుండి గడియారమును చూచుచుంటిని.

మా అబ్బాయి నా యవస్థను గమనించి, “నాన్నగారూ, పాత ఇంగ్లీషు సినిమా ఒకటి పెడతాను, చూడండి. గూఢచారుల కథ,” అనెను. “గూఢచారులు మనకు క్రొత్తవారా? కౌటిల్యుడు అర్థశాస్త్రము మొదటి అధికరణములోనే గూఢపురుషులను గూర్చి చెప్పినాడు. వారిలో తాపసవేషధారి కూడ కలడు,” అని నేను నవ్వితిని. ఆ తాపసుని మాట హాస్యమునకు అన్నదే. అది ఎంతవరకు నిజమగునో అప్పుడెరుగను.

అది 1965లో వచ్చిన ‘థండర్‌బాల్’ అను చిత్రము. కథానాయకుడు జేమ్స్ బాండ్ అను బ్రిటిషు గూఢచారి. అతని మద్యపానము, స్త్రీలోలత్వము చూచి, నాయకుడే యిట్లున్నచో ప్రతినాయకుడు ఎట్లుండునో యనుకొంటిని. ఆ ప్రతినాయకుడు బ్లోఫెల్డ్ అనువాడు ‘స్పెక్టర్’ అను అంతర్జాతీయ నేరసంస్థకు అధిపతి. ఆ చిత్రమున అతని ముఖమును చూపరు. తెల్లని పిల్లిని నిమురుచున్న చేతులు మాత్రమే కనబడును, ప్రశాంతమైన కంఠము మాత్రమే వినబడును. ప్యారిస్ నగరమున సభ జరుగుచుండును. సభ్యులు ఒక్కొక్కరు తమ తమ నేరముల ఆదాయమును లెక్క చెప్పుదురు. ఒకడు సంస్థ ధనమును అపహరించినాడని అధిపతికి తెలియును. అతని కుర్చీలో విద్యుత్తు ప్రవహించును. కుర్చీతో సహా ఆ మనుష్యుడు నేలలోనికి దిగిపోవును. కుర్చీ మాత్రము ఖాళీగా పైకి వచ్చును. సభ కొనసాగును.

ఆ దృశ్యము నన్ను కలవరపెట్టినది. హింసను చూచి కాదు; మన పురాణములలో అంతకు మించిన హింస కలదు. కారణమేమో వెంటనే తెలియలేదు. “దీని నవల నా దగ్గరుంది. అందులో ఈ ఘట్టం వేరుగా ఉంటుంది,” అని అబ్బాయి చెప్పెను. నాకు ఆంగ్లము స్వల్పము. కనుక రాత్రులు భోజనానంతరము తాను చదివి తెలుగున అర్థము చెప్పుచుండెను, నేను వినుచుంటిని.

నవలాకర్త ఇయాన్ ఫ్లెమింగ్ రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు నౌకాదళపు గూఢచార విభాగమున పని చేసినవాడు. 1961లో ప్రచురితమైన ఆ నవలలో బ్లోఫెల్డ్ 2 అణుబాంబులను అపహరింపజేసి, 10 కోట్ల పౌనులు ఇయ్యకున్నచో నగరములను భస్మము చేసెదనని ప్రభుత్వములను బెదిరించును. ఇది స్థూలకథ. నన్ను ఆపినది ఇది కాదు. బ్లోఫెల్డ్ పొగ త్రాగడు. మద్యము ముట్టడు. స్త్రీసాంగత్యము ఎరుగడు. ఆహారము సైతము మితమే. అబ్బాయి ఈ వర్ణన చదువగానే నేను, “మరల చదువు,” అంటిని. మరల చదివెను. ఇవి మేము బ్రహ్మచారులకు ఉపదేశించు నియమములు కదా! నాయకునియందు లేని ఇంద్రియనిగ్రహమును రచయిత ప్రతినాయకునియందు నిలిపినాడు.

అంతటితో ఆగలేదు. నవలలోని ప్యారిస్ సభలో శిక్ష పొందినవాడు ధనము దొంగిలినవాడు కాడు. సంస్థ ఒక ధనికుని కుమార్తెను అపహరించి, 10 లక్షల డాలర్లు తీసికొని, ఆమెను క్షేమముగా అప్పగింతుమని మాట ఇచ్చినది. ఆమెకు కాపలాగా నున్న వారిలో ఒకని వలన ఆమె శీలమునకు అపచారము జరిగినదని తెలిసినది. బ్లోఫెల్డ్ ఆ ధనములో సగము తిరిగి పంపించెను, అపరాధిని సభలోనే వధించెను. వినినంతనే, ఇతడు ఆడిన మాట నిలుపుకొనువాడు, అబలకు న్యాయము చేసినవాడు అని తోచును. కాని అతడు ఇచ్చిన కారణమును పరికింపవలెను. ఆ బాలిక బాధపడెనా లేదా అనునది ముఖ్యము కాదట. సంస్థ ఇచ్చిన హామీ చెడినది, క్రమశిక్షణ సడలినది, అదియే అపరాధమట. అంత న్యాయము జరిగిన ఆ సభలో ఆ బాలిక ఎక్కడను లేదు. ఆ తీర్పు చెప్పుటకు పూర్వము అతడు నిరపరాధియైన మరియొకని వైపు చూపు నిలిపి వానికి చెమటలు పట్టించెను. అందరును భయపడవలెను గదా! ఆ సంస్థ పైకి ధరించిన వేషమో, పీడితులకు సాయపడు సేవాసంఘము. నేను హాస్యమునకు అన్న తాపసవేషధారి అక్కడ కనబడినాడు.

మరి యితనిలోని దుష్టత్వము ఏది? కామము కాదు, అది లేదు. క్రోధము కాదు, కంఠము పెంచడు. లోభమా? ధనము కోరినమాట నిజమే గాని, 1963 నాటి నవలలో అతడు తాను ఒక ప్రాచీన ప్రభువంశమునకు వారసుడనని ధ్రువపత్రము పొందుటకు తహతహలాడును. ధనము చాలిన పిమ్మట కులీనతాగర్వము కావలసివచ్చినది. ఆసురప్రకృతి కలవాడు తన సంపదను, తన జన్మను తలచుకొని తనకు సాటి లేదని మురియునని గీత పదునారవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చిన విషయము మనకు విదితమే. 1964 నాటి నవలలో అతడు జపాను దేశమున ఒక కోటను కొని, విషవృక్షములతో ఉద్యానము పెంచును. మరణింపగోరు దుఃఖితులు అచటికి వచ్చి ప్రాణములు విడుతురు. దీనిని ప్రశ్నించినప్పుడు అతడు సిగ్గుపడడు. తాను లోకోపకారమే చేయుచున్నానని వాదించును. అణుబాంబుల దొంగతనము సైతము ప్రపంచమును మేల్కొల్పుటకే యనును. అధర్మము చేయువాడు పాపి. అధర్మమునే ధర్మమని నమ్మి మనశ్శాంతితో నిద్రించువానికి ప్రాయశ్చిత్తమేది? పశ్చాత్తాపము కలిగినవానికి గదా ప్రాయశ్చిత్తము!

రావణుడును తపస్సు చేసినవాడే, వేదము నేర్చినవాడే. కాని వాల్మీకి మహర్షి అతనికి కన్నీటిని నిరాకరింపలేదు. కుంభకర్ణుడు కూలినప్పుడు, ఇంద్రజిత్తు మరణించినప్పుడు ఆ దశకంఠుడు మూర్ఛిల్లి విలపించెను. అతని హృదయమున ఇతరులకు కొంత చోటు గలదు. బ్లోఫెల్డ్ సభలో మనుష్యులు లేరు, సంఖ్యలు కలవు. ఎదుటివాని వేదన అతనికి తెలియక కాదు. తెలిసి, దానిని లెక్కలోనికి తీసికొనడు. అతని దౌష్ట్యమునకు మూలము అదియే యని నాకు తోచినది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పురుటిలో శ్రుతివాక్యమును ఉచ్చరింపరాదు గనుక బృహదారణ్యకమునందలి ఒక కథను మాత్రము తలచుకొంటిని. దేవతలు, మనుష్యులు, అసురులు మువ్వురును ప్రజాపతి సంతానము. మువ్వురును తండ్రి యొద్ద బ్రహ్మచర్యము నెరపి, తుదకు ఉపదేశమును కోరిరి. ఆయన మువ్వురకును ‘ద’ అను ఒకే అక్షరమును చెప్పెను. భోగలాలసులైన దేవతలు దానిని దమముగా గ్రహించిరి. లోభులైన మనుష్యులు దానముగా గ్రహించిరి. క్రూరులైన అసురులు దయగా గ్రహించిరి. దేవతలు, అసురులు వేరెక్కడనో లేరనియు, మనుష్యులలోనే ఈ మూడు స్వభావములవారు కలరనియు, కనుక మూడును మనము నేర్వవలసినవే యనియు శంకరభగవత్పాదులు భాష్యమున తేటపరచిరి.

ఈ కథను గురుముఖమున విని చాల ఏండ్లయినది. నేను ఎన్నడును గమనింపని సంగతి ఒకటి ఆ రాత్రి తట్టినది. అసురులును బ్రహ్మచర్యము పూర్తి చేసినవారే! అనగా వారికి నియమము కొరవడలేదు. నిష్ఠ కొరవడలేదు. వారికి కావలసినది మరియొకటి. అది లేనప్పుడు ఆ నియమమే వారి కత్తికి పదును పెట్టును. దమము గల క్రూరుడు దమము లేని క్రూరునికన్న భయంకరుడు. ఏ బలహీనతయు అతని చేతిని తడబడనీయదు.

ఇంతవరకు వేరొకని గూర్చి చెప్పితిని. ఇక నన్ను గూర్చి చెప్పవలెను.

గడచిన కార్తికమున ఒక సోమవారము. మా యాలయమున నైవేద్యము వండు యువకుడు వేకువ 4 గంటలకు రావలసినవాడు 5.30కి వచ్చెను. భక్తులు బారులు తీరియున్నారు, నైవేద్యము సిద్ధము కాలేదు. అతడు గుమ్మమున నిలిచి కారణము చెప్పబోయెను. నేను అరచేయి ఎత్తి ఆపితిని. “రేపటి నుంచి రానక్కరలేదు,” అంటిని. గొంతు పెంచలేదు. అతని వైపు చూడనైనను లేదు. అభిషేకద్రవ్యములను సర్దుకొనుచునే ఆ మాట అంటిని. మిగిలిన పరిచారకులు కొయ్యబారి నిలిచిరి. వారు భయపడిరని నాకు తెలిసినది. అది ఆలయమునకు మంచిదే యనుకొంటిని. ఆ రాత్రి జపమునకు కూర్చుండి, ‘ఇంత జరిగినను నేడు నాకు కోపము రాలేదు’ అని తృప్తిపడితిని కూడ.

అతని తల్లికి మూత్రపిండముల వ్యాధి. ఆ రాత్రి ఆయాసము రాగా ఆటోలో పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయి, తెల్లవారుజామున తిరిగి వచ్చినాడట. వారము తిరుగక మునుపే ఈ సంగతి నాకు తెలిసినది. ‘ముందుగా కబురు పంపవలసినది’ అనుకొని ఊరకుంటిని. ఆలయక్రమము చెడలేదు, సమయపాలన నిలిచినది. నా తీర్పులో ఆ తల్లి ఎక్కడను లేదు.

ఆ చిత్రములోని ఖాళీ కుర్చీ నన్నెందుకు కలవరపెట్టినదో అప్పుడు బోధపడినది. లక్షలమందిని చంపజూచిన కల్పితపాత్రతో ఒక అర్చకుని కాఠిన్యమును సమానము చేయుట అతిశయోక్తి యని కొందరు అనవచ్చును. పరిమాణమున సమానము కాదు, ఒప్పుకొందును. మఱ్ఱివిత్తనమును మఱ్ఱిచెట్టును పరిమాణమున సమానములు కావు.

పదునొకండవ దినమున శుద్ధి అయిన పిదప, బారసాల ముగించుకొని ఊరు చేరితిని. ఆ సాయంకాలమే అతని యింటికి పోయితిని. నన్ను చూచి అతడు త్రోవ తొలగి, “అయ్యగారూ, లోపలికి దయచేయండి,” అనెను. దయ అను మాట ముందుగా అతని నోటినుండియే వచ్చినది. తల్లి మంచము మీదనుండి లేవబోగా వారించితిని. అపరాధము నాదే యని చెప్పి క్షమింపుమని అడిగితిని. చాలసేపు అతడు మాటాడలేదు. పిమ్మట మెల్లగా అనెను: “మీరు తిట్టి ఉంటే బాగుండేదండి, అయ్యగారూ. మా నాన్నకి కోపమొస్తే కొట్టేవాడు, గంటకి అన్నానికి పిలిచేవాడు. మీరసలు నా వైపే చూళ్ళేదు.”

కోపములో సైతము ఎదుటివాడు మనుష్యుడను గుర్తింపు ఉండునని ఈ వయస్సున ఆ బాలుడు నాకు నేర్పినాడు. మరల కొలువునకు రమ్మంటిని. ఇప్పుడు పెండ్లివంటలు చేయు వారితో పని కుదిరినదనియు, చూద్దామనియు చెప్పెను. బలవంతపెట్టు అధికారము నాకు లేదు.

ఫ్లెమింగ్ జన్మించినది 1908 మే 28వ తేదీన. తన కథలోని బ్లోఫెల్డ్ జన్మదినముగా కూడ ఆయన అదే సంవత్సరమును, అదే మాసమును, అదే తేదీని వ్రాసెను. ఏ యుద్దేశముతో అట్లు వ్రాసెనో గాని, జాతకములు చూచు నాకు అది ఊరక కనబడలేదు. అసురుడు పుట్టు దినము మనము పుట్టు దినమే. మనతోనే పెరుగును. మన నియమములనే పాటించును. నియమవంతులైన సాధకులు ఈ విషయమున మరింత జాగరూకులై యుండవలెను. లోలునికి తన దోషము తెలియును, లోకము చెప్పును. నిష్ఠాపరుని కాఠిన్యమును లోకము గౌరవించును గనుక అతనికి చెప్పువారు ఉండరు. ఇప్పుడు రాత్రి జపానంతరము ‘నేడు కోపపడితినా?’ అని మాత్రమే గాక, ‘నేడు ఎవరి వైపు చూడకుండ మాటాడితిని?’ అని కూడ ప్రశ్నించుకొనుచున్నాను. కొన్ని రాత్రులు సమాధానము సుఖముగా ఉండదు.

మహాశివరాత్రి నాడు అతడు తల్లిని వెంటబెట్టుకొని దర్శనమునకు వచ్చి, అందరివలె వరుసలో నిలిచియుండెను. నేను తీర్థపాత్రతో వెలుపలికి వచ్చి, అతనిని పేరు పెట్టి పిలిచి, ముందుగా ఆ తల్లి చేతిలో, పిదప అతని చేతిలో తీర్థము పోసితిని. అతడు కన్నుల కద్దుకొని పుచ్చుకొనెను. ఇంతవరకు జరిగినది ఇంతే.

స్వస్తి.