బావ కారు, మా ల్యాబ్‌ల పొటెన్షియోమీటర్

పోస్ట్ కొంచెం పెద్దగైంది, ఓపికతో చదవండి. మన ఊర్లల్ల కార్లు నడిపి బతికే అన్నలకు పనికొస్తదని రాస్తున్న.

నేను బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. ఉండేది ఉస్మాన్‌గంజ్ దగ్గర హాస్టల్‌ల. మా బావ ఏటూరునాగారం నుంచి పాత పెట్రోల్ కారులో పేషెంట్లను ఉస్మానియా ఆసుపత్రికి తీసుకొస్తడు. కారు కిస్తీలు ఇంకా 11 నెలలున్నయి.

పోయిన నెల వచ్చినప్పుడు బావ ముఖంల కళ లేదు. "జనగామ దగ్గర 60లో పోతుంటే ఝట్కాలు కొట్టుడు మొదలైందిరా. వెనక సీట్ల కాలు విరిగిన ముసలమ్మ. కొట్టినప్పుడల్లా అమ్మా అని ఏడుస్తుంది" అన్నడు. మెకానిక్‌కు చూపిస్తే పెట్రోల్ పంపు పోయింది, 9 వేలు అయితది అన్నడట.

నాకు కారు నడపరాదు. ఒకటే అడిగిన: "ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు కూడా కొడుతుందా బావా?"

"లే. గట్టిగ తొక్కితే సాఫ్‌గ పోతది. కాలు ఒకే తీరుగ పెట్టి ఉంచితేనే కొడతది."

నాకు అక్కడే అనుమానం వచ్చింది. పంపు బలహీనమైతే పెట్రోల్ ఎక్కువ కావాల్సినప్పుడే ఇబ్బంది ముందు కనపడాలె కదా. ఇక్కడ ఉల్టా ఉంది.

గాలి పైపు చీలినా, ప్లగ్గులు పాడైనా ఝట్కాలు రావచ్చు. అవి ముందు చూసినం, బాగనే ఉన్నయి. మిగిలింది థ్రాటిల్ పక్కన ఉండే చిన్న సెన్సార్. థ్రాటిల్ ఎంత తెరుచుకుందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది అదే. కేబుల్‌తో నడిచే పాత కార్లల్ల చాలావాటికి అది లోపల అచ్చం పొటెన్షియోమీటరే: ఒక పట్టీ మీద చిన్న ముల్లు జరుగుతది. రోజూ హైవే మీద కాలు ఒకే చోట ఉంటది కాబట్టి పట్టీ ఆ చోటనే అరుగుతది. అక్కడికి రాంగనే సిగ్నల్ తెగుతది. కాలు తీసిండేమో అనుకొని కంప్యూటర్ పెట్రోల్ తగ్గిస్తది, మళ్ల సిగ్నల్ రాంగనే ఇస్తది. అదే ఝట్కా. (మొన్న వైవాల ఇదే పొటెన్షియోమీటర్ గురించి అడిగితే నా నోట మాట రాలే.)

రాత్రి దుకాణాల షట్టర్లు పడ్డంక గల్లీలనే బానెట్ ఎత్తినం. ఒక హమాలీ పెద్దాయన ఫోన్ లైటు పట్టిండు. డిజిటల్ మీటర్‌ల అంకెలు ఆలస్యంగ మారుతయి, చిన్న తెగు కనపడదు. అందుకే ఐటీఐ చదివిన దోస్తు దగ్గర ముల్లు మీటర్ తెచ్చిన. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండ కీ మాత్రం ఆన్ పెట్టి, సిగ్నల్ వైరుకు మీటర్ ఆనించి, థ్రాటిల్ మెల్లగ తెరిచినం. ముల్లు దాదాపు 0.5 వోల్టుల నుంచి 4.5 దాకా ఆగకుండ పైకి పోవాలె. మాది 1 దాటంగనే కింద పడి మళ్ల లేచింది. నాలుగుసార్లు చేసినం, నాలుగుసార్లు అదే చోట. నా చేతులు వణికినయి, నిజం చెప్తున్న.

సెన్సార్ 1,400 అయింది. పెడల్‌కు కేబుల్ లేని కొత్త కార్లల్ల సెన్సార్లు వేరే తీరుగ ఉంటయి, వాటికి స్కానర్ పెట్టించుకోండి.

తెల్లారి బావ, కాలికి కట్టు వేయించుకున్న ముసలమ్మను తీసుకొని బయలుదేరిండు. నేను క్లాసుకు పోలే, ఫోన్ పట్టుకొని కూసున్న. పదకొండింటికి చేసిండు.

"జనగామ దాటినరా. కొట్టలే. ముసలమ్మ నిద్రపోయింది, మెల్లగ మాట్లాడు."