తాటాకు రేకలో తెల్లవారుజాము

తెలుగు పంతులు తాగుడు సంగతి రాస్తున్నాడేమిటని పాఠకులు ముక్కున వేలు వేసుకోవద్దు. మొన్న మహబూబాబాదులో మా బావమరిది జిన్ను పోసి, నిమ్మచెక్క, మంచుముక్కలు, చేదు టానిక్ నీళ్ళు ఎంతెంత కలపాలో అరగంట ఉపన్యసించాడు. పక్కనున్న భూపాలపల్లి మిత్రుడు, తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను ఎండబెట్టి, నానబెట్టి కాచిన సారాకు సాటి లేదన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నా రుచికి నిప్పుతో పనిలేదు.

మర్నాడు రైలెక్కి కాజీపేట మీదుగా జనగామ చేరాను. ఆ మరుసటి వేకువనే ఖిలాషాపురం దగ్గరి తాటివనంలో ఉన్నాను. 1710లో హతుడైన సర్వాయి పాపన్న కోట ఉన్న ఊరది. ఆయనదీ గీత కులమే.

గౌడ్ మామ మోకు, ముస్తాదు బిగించి చెట్టెక్కాడు. లొట్టి దింపి తాటాకు రేకలోకి వంచాడు. ముందు తీపి, వెనుక సన్నని పులుపు.

"ఇప్పుడే తాగాలె సారూ. ఎండెక్కితే పులుస్తది."

నిజమే. కల్లులో చేరిన ఈస్టు దాని చక్కెరను గంటగంటకూ మత్తుగా మారుస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, అదే నీరా. ఏది తాగినా చెట్టు కిందే తాగాలి. ఊళ్ళోకి వచ్చేసరికి ఎవరేం కలిపారో తెలియదు.

"నీ తర్వాత ఎవరు ఎక్కుతారు మామా?"

"కొడుకు పట్నంల ఆటో నడుపుతుండు. ఇంకెవ్వరు ఎక్కుతరు సారూ? ఉండు, ఇంకో లొట్టి దింపుత."

మామ కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"చాలు మామా" అన్నాను. నిజానికి చాలలేదు.