రిటైర్మెంట్ కాలనీలో మూడు రోజుల ఆడిట్

కోయంబత్తూరు దగ్గర ఒక పెద్ద రిటైర్మెంట్ కాలనీ చూడటానికి వెళ్తున్నామని తెలిసినప్పటి నుంచి మన మిత్రులు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. "అప్పుడే వృద్ధాశ్రమం ఏమిటండీ, పిల్లలు చూడటం లేదా?" అని కొందరు. "అక్కడంతా గుళ్లూ భజనలేనట, మీరెలా ఉంటారు?" అని మరికొందరు. విడివిడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

ఇది వృద్ధాశ్రమం కాదు. మన డబ్బుతో మనం ఇల్లు కొనుక్కునో, అద్దెకు తీసుకునో ఉంటాం. వంట, శుభ్రం, నర్సు, అంబులెన్సు వాళ్లవి. నెలనెలా దానికి కట్టాలి. కోయంబత్తూరు చుట్టుపక్కల ఇలాంటివి చాలా వెలిశాయి. పాలక్కాడ్ కనుమ గాలి వల్ల మన సికింద్రాబాదు ఎండలు అక్కడ లేవు, పెద్ద ఆస్పత్రులున్నాయి. తెలుగు మాటా పూర్తిగా పరాయిది కాదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాడు. అతని తెలుగు సగం నాకు అర్థమైంది, నా తెలుగు సగం అతనికి!

మేం చూసినదాంట్లో 240 ఇళ్లున్నాయి. గెస్టు రూములో మూడు రోజులున్నాం. బ్రోషరులో మొదటి పేజీ వాస్తు, రెండో పేజీ "పాజిటివ్ ఎనర్జీ", నర్సు గురించి తొమ్మిదో పేజీలో రెండు వాక్యాలు. వాస్తు ప్రకారం కట్టిన బాత్రూముల్లో జారిపోకుండా పట్టుకునే కడ్డీ మాత్రం సగం ఇళ్లలో లేదు. రిటైర్మెంట్ ఇళ్లు ఎలా ఉండాలో కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అవి నమూనాలే. రాష్ట్రం తీసుకుని అమలు చేస్తేనే వాటికి బలం.

మొదటిరోజు భోజనాల హాల్లో పన్నెండు మందితో మాట్లాడాను. పన్నెండు మందీ సంతోషంగానే ఉన్నారు. మా ఆవిడ అక్కడే నిర్ణయం తీసేసుకుంది. నేను ఉద్యోగం చేసింది డిఫెన్స్ అకౌంట్సులో. లోకల్ ఆడిట్‌కి యూనిట్లకు వెళ్లి రేషన్ స్టాకు చూస్తే ముందు వరస బస్తాలెప్పుడూ తూకానికి సరిపోతాయి. చూడాల్సింది వెనక వరస. భోజనాల హాలుకి వచ్చేవాళ్లంటే నడిచి రాగలిగినవాళ్లు. రాలేనివాళ్లు ఎక్కడ? ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు? తిరుపతి వెళ్లొచ్చాక పని అయినవాళ్లు మాత్రమే ఆ సంగతి చెప్పుకుంటారని, కానివాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదని మనం ఎన్ని సభల్లో చెప్పలేదు? ఇల్లు కొనేటప్పుడూ ఆ తర్కమే.

మేనేజరు మంచివాడు. గదికే భోజనం తెప్పించుకునేవాళ్లు 31 మంది అని రిజిస్టరు చూసి చెప్పాడు. వాళ్లలో ఇష్టపడ్డ నలుగురిని కలిశాం. ఎనభై దాటిన ఒక తెలుగావిడ, భర్త పోయి మూడేళ్లయింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "అన్నీ టైముకి వస్తాయమ్మా. టీ వస్తుంది, టిఫిన్ వస్తుంది, మాత్రలు వస్తాయి. తెచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోతారు" అంది. ఆ రోజంతా మా ఆవిడ పెద్దగా మాట్లాడలేదు.

ప్రతి మంచం దగ్గరా ఎమర్జెన్సీ బెల్లు ఉంది. నొక్కితే రెండు నిమిషాల్లో నర్సు వస్తుందని చెప్పారు. ఎవరైనా కొలిచారా? "ఒకసారి నొక్కి చూస్తాను, ఎప్పుడో చెప్పను" అని మేనేజరు దగ్గర అనుమతి తీసుకున్నాను. సర్‌ప్రైజ్ చెక్ అంటే అదే కదా. రెండోరాత్రి 2.10కి నొక్కాను. సెక్యూరిటీ నాలుగు నిమిషాల్లో వచ్చాడు, నర్సు పదకొండు నిమిషాలకు. పాపం పరుగెత్తుకుంటూ వచ్చింది. రాత్రిపూట 240 ఇళ్లకూ ఆ అమ్మాయి ఒక్కతే, క్లినిక్కేమో అవతలి చివర. పొద్దున మేనేజరుకి ఈ అంకె చెప్పి, ఇది ఆ అమ్మాయి తప్పు కాదని కూడా చెప్పాను. గుండె ఆగిన మనిషికి పదకొండు నిమిషాలంటే ఏమిటో మీకు తెలుసు.

ఇక గుడి సంగతి. ఉంది. సాయంత్రం ఆరింటికి అందరూ అక్కడే. మా ఆవిడ నలభై ఏళ్లుగా పూజ చేసుకుంటోంది, నేను అంతకాలంగా చేసుకోవడం లేదు. మా ఇంట్లో అది గొడవ కాదు. చూస్తే అక్కడ గుడిలో భక్తి కంటే కబుర్లే ఎక్కువ. మోకాళ్ల నొప్పులు, అమెరికా మనవలు. అలాంటి చోటు ఇంకొకటి కట్టి ఉంటే అక్కడా కూర్చునేవాళ్లు. నాకు కష్టమనిపించింది గుడి కాదు, క్లబ్బు హాల్లో "ఉచిత ఆరోగ్య శిబిరం" పేరుతో అయస్కాంతపు పరుపులు అమ్ముతున్న కుర్రవాడు. కీళ్లవాతం, బీపీ, పక్షవాతం అన్నిటికీ ఒకటే పరుపు. పక్షవాతాన్ని నయం చేస్తామని ప్రచారం చేయడాన్ని 1954 చట్టమే నిషేధించింది. ఆ మాట అడిగితే అతను స్టాలు సర్దుకున్నాడు. అప్పటికే ముగ్గురు డబ్బు కట్టేశారు.

చనిపోతే ఏం చేస్తారని అడిగాను. ఫ్రీజరు పెట్టె, పురోహితుల ఫోన్ నంబర్లు, విద్యుత్ శ్మశానం, అన్నీ ఒక కాగితం మీద ఉన్నాయి. దేహదానం లేదు. కళ్లయితే ఆరు గంటల్లోపు తియ్యాలి, మెడికల్ కాలేజీకి ముందే చెప్పాలి. మేనేజరు నోటుబుక్కులో రాసుకున్నాడు. లివింగ్ విల్ గురించి ఆయన వినలేదట. 2018లో సుప్రీంకోర్టు దాన్ని గుర్తించింది. 2023 జనవరిలో సులువు చేసింది కూడా. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మనలో ఎంతమంది రాశారో లెక్క చూసుకోండి.

చివరికి డబ్బు. ఇంటి మెయింటెనెన్సు నెలకు 14 వేలు, భోజనం మనిషికి 9 వేలు. ఇద్దరికీ 32 వేలు. ఒకరు పోతే 23 వేలు, అంటే పాతదాంట్లో 72 శాతం. నేను ముందు పోతే మా ఆవిడకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్? నా పెన్షన్ ఆఖరి జీతంలో సగం, అది 30 శాతం. అంటే నూరు రూపాయల చోట అరవై. ఖర్చు 72, రాబడి 60. ఎనభై నిండాక 20 శాతం అదనంగా వస్తుంది. అప్పుడది 72 అవుతుంది. ఈ మధ్యలో మెయింటెనెన్సు ఏటా 8 శాతం పెంచుకోవచ్చని ఒప్పందంలో ఉంది. ఆ లెక్కన 14 వేలు పదిహేనేళ్లకు 44 వేలు దాటుతుంది. మూడేళ్ల ఆడిట్ లెక్కలు, రిపేర్ల నిధిలో ఎంత ఉందో చూపించమన్నాను. ఒక ఏడాదివే చూపించారు.

తిరుగు రైల్లో ఈ కాగితం మా ఆవిడకు చూపించాను. రెండుసార్లు చదివి, "మీరు పోయినట్టు లెక్క వేశారు, నేను పోయినట్టు వెయ్యలేదేం?" అంది. అదీ వేశాను. నా పెన్షన్ తగ్గదు, డబ్బుకి ఇబ్బంది లేదు. నాకు గుడి లేదు కాబట్టి సాయంత్రం ఆరింటికి ఎక్కడ కూర్చోవాలన్నదే తేలలేదు. కారమ్స్ ఆడే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు కనిపించారు, భజనకు వెళ్లని మనిషి. ఆయనకు ఎనభై నాలుగు.

ఇల్లు కొనడం లేదు. ఆరు నెలలకు అద్దెకు అడిగాం. రాత్రి రెండో నర్సును పెడతారా, మిగిలిన రెండేళ్ల లెక్కలు పంపుతారా అని ఉత్తరం రాశాను. జవాబు వచ్చాక అడ్వాన్సు కడతాం.