ముందు నష్టం చెప్పాలి

2011 డిసెంబరు 1 నుంచి చిన్న పొదుపు ఏజెంట్లకు పీపీఎఫ్ మీదా, సీనియర్ సిటిజన్ల పథకం మీదా కమీషన్ పూర్తిగా ఎత్తేశారు. మిగతా సర్టిఫికెట్ల మీద నూటికి రూపాయి వచ్చేది అర్ధరూపాయి అయింది. కిసాన్ వికాస పత్రాలు అంతకు ముందురోజే ఆగిపోయాయి. ఆర్డీ ఏజెన్సీ నాది, సర్టిఫికెట్ల ఏజెన్సీ మావారిది. సారపాకలో పేపరు మిల్లు కార్మికుల ఇళ్లు, నది దాటి భద్రాచలంలో టీచర్ల ఇళ్లు తిరిగేవాళ్లం. ఆడ ఏజెంట్ల ఆర్డీ మీద నాలుగు శాతం అలాగే ఉంది గానీ, ఇంట్లో సగం ఆదాయం పోయింది. అప్పుడే ఎవరో చెప్పారు, మ్యూచువల్ ఫండ్లకు పరీక్ష రాస్తే లైసెన్సులాంటి నంబరు ఇస్తారని.

ఆ నంబరు పేరు ఏఆర్‌ఎన్. ఫండ్ల కంపెనీల సంఘం ఆంఫీ ఇస్తుంది. దానికి ముందు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ పరీక్ష పాసవ్వాలి. 2010 జూన్ నుంచి ఆ పరీక్ష తప్పనిసరి అయింది. వంద ప్రశ్నలు, రెండు గంటలు, యాభై మార్కులొస్తే పాసు. తప్పు రాస్తే మార్కులు కొట్టెయ్యరు. సర్టిఫికెట్టు మూడేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ క్లాసుకో పరీక్షకో పోవాల్సిందే. ఖమ్మంలో వైరా రోడ్డు పక్కన ఒక హాల్లో శిక్షణ పెట్టారు. నా చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎల్‌ఐసీ ఏజెంట్లు ఎక్కువ, రిటైరైన బ్యాంకు గుమాస్తాలు కొందరు, కొత్తగూడెం నుంచి వచ్చిన సింగరేణి ఉద్యోగుల భార్యలు ఇద్దరు ముగ్గురు.

చెప్పిన సారు హైదరాబాద్ నుంచి వచ్చాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, ఆయన తెలుగులో చెప్పాడు. ఎన్‌ఏవీ అంటే ఏమిటి, ఎగ్జిట్ లోడ్ ఎప్పుడు పడుతుంది, ఖర్చుల నిష్పత్తి ఎవరి జేబులోంచి పోతుంది లాంటివన్నీ బట్టీ పట్టి అయినా పాసవ్వొచ్చు. నన్ను మార్చింది మధ్యాహ్నం ఆయన ఆడించిన ఆట.

ఇద్దరిద్దర్ని లేపి ఒకర్ని ఏజెంటుగా, ఇంకొకర్ని కస్టమరుగా కూర్చోబెట్టేవాడు. ఇల్లెందు నుంచి వచ్చిన ఒక సీనియర్ ఎల్‌ఐసీ ఏజెంటు వంతు వచ్చింది. మాటకారి. కస్టమరు లక్ష ఉందనగానే పదిహేను శాతం ఎక్కడికీ పోదన్నాడు. సారు చెయ్యెత్తి ఆపి సుద్దముక్క ఆయన చేతికే ఇచ్చాడు. "రాకపోతే? బోర్డు మీద రాయండి." 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు దాటింది, అదే ఏడాది అక్టోబరులో 8 వేల కిందికి దిగింది. అంత పెద్ద పతనం వద్దు, నలభై శాతమే పడిందనుకోండి అన్నాడు. ఆ పెద్దమనిషి లక్ష రాసి, నలభై వేలు తీసేసి, అరవై వేలు రాశాడు. "ఇప్పుడు ఈ అరవై మళ్లీ లక్ష కావాలంటే ఎంత శాతం పెరగాలి?" నలభై అని చాలామందిమి ఒకేసారి అన్నాం. లెక్క కట్టి చూస్తే అరవై ఆరు దాటింది. హాలంతా సద్దుమణిగింది. ఆ ఏజెంటు సుద్దముక్క పట్టుకుని బోర్డు వంకే చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఈ లెక్క కస్టమరు చేత వాళ్ల నోట్‌బుక్కులో వాళ్ల చేతి రాతతో రాయించండి. తారీఖు వేయించండి. ఆ తర్వాతే ఫారం తీయండి" అన్నాడు సారు. లాభం గ్యారంటీ అనకూడదని, మన కమీషన్‌లో వాటా తిరిగివ్వకూడదని ఆంఫీ నియమావళిలో ఉంది. మొదటి ప్రీమియం ఏజెంటే కట్టడం అలవాటైన మా ప్రాంతానికి అది కొత్త. డబ్బు ఎలా వస్తుందో కూడా విప్పి చెప్పాడు. 2009 ఆగస్టుకు ముందు కస్టమరు పదివేలు పెడితే రెండొందల పాతిక దాకా ఎంట్రీ లోడ్ కింద ముందే పోయేది. సెబీ దాన్ని రద్దు చేసింది. అంటే ఇక కస్టమరు సొమ్ము నిలిచి ఉన్నంత కాలం కొద్దికొద్దిగా వచ్చేదే మాకు ప్రధాన ఆధారం.

దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒక అంగన్‌వాడీ టీచర్ నిలబడి అడిగిన ప్రశ్న మాత్రం పుస్తకంలో లేదు. "సార్, సిప్ అంటే నెలనెలా కట్టాలి కదా. మావోళ్లకు తునికాకు డబ్బులు ఎండాకాలంలోనే వస్తాయి. యాభై ఆకుల కట్ట కట్టి కల్లంలో పోస్తేనే లెక్క. మిర్చి, పత్తి ఏరడానికి పోతే ఇంకో నాలుగు రాళ్లు. మిగతా నెలలు ఏం తెచ్చి కట్టాలి?" సారు వెంటనే జవాబివ్వలేదు. తర్వాత చెప్పింది నాకిప్పటికీ పనికొస్తోంది: వచ్చే సీజను దాకా ఇంటి ఖర్చుకు ఎంత కావాలో ముందు తీసి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పెట్టించండి, అప్పులుంటే తీర్పించండి, ఆ తర్వాత ఏదైనా మిగిలితేనే ఫండు సంగతి. ఆవిడ తల ఊపి, "అయితే మా ఊళ్లో చాలామందికి వద్దనే చెప్పాలి" అంది.

వద్దని చెప్పడం నేను వేలేరుపాడు వైపు నేర్చుకున్నాను. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం ముంపు కింద ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. నష్టపరిహారం ఖాతాల్లో పడే రోజుల్లో ఆ ఊళ్లకు ఎవరెవరు రాలేదు? ప్లాట్ల వెంచర్ల వాళ్లు, బైకుల వాళ్లు, చీటీల వాళ్లు, బీమా వాళ్లు, మావాళ్లూ. డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీ మూతబడి లక్షల మంది డిపాజిటర్లు గగ్గోలు పెడుతున్న కాలం కూడా అదే. అందులో కట్టించిన ఏజెంట్లు కూడా ఎక్కడివాళ్లో కారు, ఊరివాళ్లే, బంధువులే. నమ్మకం మీద జరిగిన నష్టమది. అందుకే ఇంకా భయంకరం.

ఒకావిడ, భర్త లేడు, పాస్‌బుక్కు కొంగులో ముడేసుకుని వచ్చింది. "చదువు రాదు బిడ్డా. నువ్వేది కట్టమంటే అది కడతా" అంది. ఆ మాట వింటే ఏజెంటుకు కాళ్లు చేతులు ఆడకూడదు. ఆడాయంటే ఆ ఏజెంటును నేను నమ్మను. ఈ డబ్బుతో ఏం చేయాలనుకుంటున్నావని అడిగాను. పునరావాసంగా ఇచ్చే కొత్త కాలనీ దగ్గర కొడుకులకు ఎకరమో రెండెకరాలో కొనాలి, కూతురి పెళ్లి చేయాలి. రెండూ ఏడాదిలోపే. ఏడాదిలో కావలసిన సొమ్ము షేర్ల ఫండులో పెట్టించడం నేరంతో సమానం. పెళ్లి సొమ్ము, భూమి సొమ్ము బ్యాంకులో ఫిక్సెడ్ వేయించాను. మిగిలింది పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో పెట్టించాను. ఒక్కరి పేరిట అప్పట్లో నాలుగున్నర లక్షలే పరిమితి. బ్యాంకు నుంచి నాకు పైసా రాదు. అయినా ఆ రోజు చేసిన పని మీద నాకు గర్వం ఉంది, దాచుకోను.

2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడిపోయింది. లాక్‌డౌన్, బయటికి వెళ్లే వీల్లేదు. పొద్దుటినుంచి ఫోన్లే. మిల్లులో పనిచేసే ఒకతను, "అక్కా, లక్ష దాటి ఉండేది, డెబ్బైయెనిమిది వేలు చూపిస్తోంది" అన్నాడు. గొంతు వణుకుతోంది. నోట్‌బుక్కు తీయమన్నాను. వెతికి తీశాడు. తన చేతి రాతే తను చదివాడు: లక్ష కాస్తా అరవై వేలు కావచ్చు, అప్పుడు అమ్మను. కొడుకు ఇంజనీరింగుకు ఇంకా ఆరేళ్లుంది. "సరే అక్కా, ఉంచుతా" అన్నాడు. ఆ పుస్తకం లేకపోతే నా మాట ఆ రోజు ఎవరూ వినేవారు కాదు.

2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 చూసిన ముసలివాళ్లు తప్ప అంత నీరు చూసినవాళ్లు లేరు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ తర్వాత రెన్యూవల్ క్లాసుకు ఖమ్మం వెళితే, ఆ రోజు పాఠం ఫండులో ఎంత రిస్కుందో చూపే రిస్కోమీటర్. 2021 జనవరి నుంచి అందులో ఆరు మెట్లు, ‘లో’ నుంచి ‘వెరీ హై’ దాకా. ప్రతి ఫండుకూ నెలనెలా సరిచూసి ముల్లు ఎక్కడుందో చెప్పాలి. భద్రాచలం నుంచి వచ్చిన ఒక కుర్రాడు లేచి, మాకిది కొత్త కాదు సార్ అన్నాడు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, చిన్నపిల్లలకూ తెలుసు. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది, లేచి చెప్పాను. 48 అడుగులు అందరికీ ఒకటే అంకె. గుట్ట మీద ఇల్లున్నవాడు వంట చేసుకుంటాడు, లోతట్టు కాలనీలో ఉన్నవాడు బియ్యం మూట నెత్తికెత్తుకుంటాడు. రిస్కోమీటర్ ఫండు సంగతి చెబుతుంది. మనిషి ఇల్లు ఏ ఎత్తున ఉందో ఏజెంటే పోయి చూసి రావాలి.

అదే క్లాసులో చర్ల నుంచి వచ్చిన కోయ కుర్రాడు, డిగ్రీ చదివినవాడు, టీ విరామంలో నన్ను నిలదీశాడు. "మేడం, నెలకు వెయ్యి సిప్ కట్టిస్తే ఏడాదికి నాకు అరవై డెబ్బై రూపాయలు వస్తాయి. భద్రాచలం పోయి రావడానికి పెట్రోలుకే చాలవు. వద్దని చెప్పిన రోజు అదీ లేదు." అతని లెక్క సరైనదే. పెద్ద నగరాలు దాటి కొత్త మదుపుదారుల్ని తెచ్చేవారి కోసం అదనంగా ఖర్చు పెట్టుకునే వెసులుబాటు ఫండ్లకు ఉండేది. దుర్వినియోగం అవుతోందని 2023లో దాన్నీ నిలిపేశారు. దుర్వినియోగం చేసినవాళ్లు చర్లలో లేరు. అడవి అంచున నిజాయితీగా పనిచేసేవాడికి బతుకుతెరువు చూపకుండా శిక్షణ ఎంత బాగా ఇచ్చినా నిలబడదని ఆ రోజూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ కుర్రాడు మానలేదు. పగలు ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో పని, సంత రోజు చెట్టుకింద ఒక బల్ల. ఏడాదికి యాభై వేల లోపు పెట్టుబడికి పాన్ లేకపోయినా పర్వాలేదని తెలిసినా, ముందు పాన్ కార్డే తీయిస్తున్నాడు, బ్యాంకు పనులకూ పనికొస్తుందని. ఫండు ఫారాల కన్నా అవే ఎక్కువ నింపుతున్నాడు. ప్రతి ఒక్కరి చేతా నోట్‌బుక్కు కొనిపిస్తున్నాడు.