జాంబీ సినిమాలు, మా హాస్టల్ రూమ్, దాది అడిగిన మాట

ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, హాస్టల్ సమస్యల మీదనే రాసుకుంటం. ఈసారి సినిమాల గురించి రాస్తున్నం, అది కూడా జాంబీ సినిమాల గురించి. నవ్వుకోండి, పర్వాలేదు. కొంచెం పొడుగైతది, తీరిక ఉన్నప్పుడే చదవండి.

మేము ఐదుగురం. ఇద్దరిది జనగామ దిక్కు తండాలు, ఇద్దరిది మానుకోట, ఒకడిది భూపాలపల్లి అవతల కోయగూడెం. డిగ్రీలో చేరినప్పుడు అందరిదీ ఒక్కటే వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినయి, మూడు జిల్లాలోళ్లం అయిపోయినం. హన్మకొండ హాస్టల్‌లో రూమ్ మాత్రం అదే. అందరికీ పనికొచ్చే పెద్ద ఫోన్ కూడా ఒక్కటే.

మా పిచ్చి మొదలైంది జియో పుణ్యాన. ఆ ఏడు సెప్టెంబర్‌లో జియో సిమ్ వచ్చింది, నెట్ ఫ్రీ. అంతకుముందు నెలకు ఒక జీబీ వేయించుకుని వాట్సాప్ కోసం దాచుకునేటోళ్లం. ఇంక ఫ్రీ అన్నంక ఆగుతమా? దయ్యాల సినిమాలు అయిపోయినయి, జాకీచాన్ అయిపోయిండు, ఆఖరికి ఎవడో 'ట్రైన్ టు బుసాన్' పట్టుకొచ్చిండు. 2016లో వచ్చిన కొరియా సినిమా, తీసినాయన యోన్ సాంగ్-హో. మాకు దొరికిన దాంట్లో సబ్‌టైటిల్స్ లేవు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఐదుగురం ఫోన్‌ను బకెట్‌కు ఆనిచ్చి, దుప్పట్లు కప్పుకుని చూసినం. సరిగ్గా జాంబీ అద్దానికి గుద్దుకునే టైంకు వార్డెన్ సార్ టార్చ్ కిటికీలో పడ్డది. మాలో ఒకడు అరిచిన అరుపుకు పక్క రూమోళ్లు కూడా లేచిన్రు.

ఆ సినిమాలో మమ్మల్ని పట్టుకున్నది మాత్రం జాంబీలు కాదు. ఒక బోగీలో తలుపు మూసుకుని కూచున్న మామూలు మనుషులు. వెనక బోగీల నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినోళ్లకు వాళ్లు తలుపు తియ్యరు. మానుకోటలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కినోళ్లకు ఈ సీన్‌కు సబ్‌టైటిల్ అక్కర్లేదు. పండుగ సెలవులు అయిపోయినంక బియ్యం మూట, తొక్కు డబ్బా పట్టుకుని ఎక్కబోతే, లోపల నిలబడ్డోళ్లు "ఇక్కడ జాగా లేదు, వెనక చూస్కో పో" అంటరు. విచిత్రం ఏందంటే, ఎట్లనో లోపలికి దూరినంక, కేసముద్రంలో ఇంకొకడు ఎక్కబోతే ఆ మాట మేమే అన్నం.

తర్వాత వరుసబెట్టి చూసినం. రూమ్‌లో రెండు పార్టీలైనయి, నడిచే జాంబీల పార్టీ, ఉరికే జాంబీల పార్టీ. 2002లో డానీ బాయిల్ తీసిన '28 డేస్ లేటర్' చూసినంక ఉరికే పార్టీకి బలం పెరిగింది. మానుకోటోళ్లలో ఒకడు మాత్రం "వాళ్లు సావనే లేదు కదరా, వైరస్ సోకిన మనుషులు. వాళ్లను జాంబీలు అనొద్దు" అని రాత్రంతా లొల్లి. సెమిస్టర్ పరీక్షకు అంత చదివినా పాసయ్యేటోడు. మనోళ్ల సినిమాలు కూడా వదల్లే. 2013లో 'గో గోవా గాన్' హిందీలో తీసిన రాజ్, డీకే ఇద్దరూ తిరుపతిలో ఇంజనీరింగ్ చదివిన తెలుగోళ్లే. జయం రవి తమిళ సినిమా 'మిరుథన్' తెలుగులో 'యమపాశం' అని వచ్చింది. అన్నిటికంటే పాతది మాత్రం మన చిరంజీవిదే. 1985లో వచ్చిన 'దొంగ'లో గోలీమార్ పాట గుర్తుందా? మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వచ్చిన రెండేండ్లల్లనే మనోళ్లు శవాలను లేపి స్టెప్పులు వేయించిన్రు. హాస్టల్ డే నాడు మేము ఆ పాటకే ఎగిరినం. మొఖానికి బూడిద, మూతికి కుంకుమ నీళ్లు. ప్రైజు రాలేదు కానీ ముందు వరుసలో కూచున్న ఒక సార్ పిల్లగాడు జడుసుకుని ఏడ్చిండు, మాకు అదే ప్రైజు.

ఆ డ్యాన్సులో మేకప్ అక్కర్లేనోడు ఒకడున్నడు అని నవ్వుకున్నం. భూపాలపల్లోడు. బక్కగ ఉంటడు, కండ్లు ఎప్పుడూ ఎర్రగ ఉంటయి, పొద్దున కాళ్లీడ్చుకుంట మెస్సుకు వస్తడు, క్లాసులో కూచున్న కాడనే కునుకుతడు. మేమే వానికి 'జాంబీ' అని పేరు పెట్టినం. హాస్టలంతా పాకింది. మెస్ అన్న కూడా "జాంబీకి ఇంకో రెండు చపాతీలు వెయ్" అనేటోడు. వాడు నవ్వేటోడు. రాత్రిళ్లు తరచుగ కనపడేటోడు కాదు. అడిగితే చుట్టాలింటికి పోయిన అనేటోడు. హన్మకొండలో వీనికి ఇన్ని చుట్టాలు ఎక్కడివి అని మాకు ఒక్కనాడు అనుమానం రాలేదు.

2018 ఎండాకాలం సెలవులకు జనగామోని తండాకు పోయినం, దేవరుప్పుల దిక్కు. వాడు రాలే, పని ఉందన్నడు. ఎవరిదో లాప్‌టాప్ అడుక్కుని 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' వేసుకుపోయినం. 1968 సినిమా, తీసినాయన జార్జ్ రొమెరో. ఈ సినిమా ఎవరైనా ఫ్రీగ చూడొచ్చు, దొంగతనం కాదు. మొదట పెట్టిన పేరు మార్చి కొత్త పేరు కార్డు వేసేటప్పుడు కాపీరైట్ లైను వేయడం మరిచిపోయిన్రంట, అట్ల అందరి సొత్తైంది. నలుపు తెలుపు సినిమా కాబట్టి రక్తానికి చాక్లెట్ సిరప్ వాడిన్రు. ఇవన్నీ మేము మంచాల మీద కూచుని గొప్పగా చెప్పుకుంటున్నం.

వాళ్ల దాది కూడా వచ్చి పక్కన కూచుంది. ఎనభై దాటినయి, ఆధార్ కార్డుల మాత్రం డెబ్బై రెండు. చేతినిండా గాజులు. కాసేపు చూసి లంబాడీలో అడిగింది, "వీళ్లు సచ్చినోళ్లా?"

"సచ్చినోళ్లే దాదీ, మళ్ల లేచిన్రు."

"లేచి ఎవలి పనికి పోతున్రు?"

మేము పడీ పడీ నవ్వినం. పనికి కాదు దాదీ, మనుషుల్ని తినేటందుకు అని చెప్పినం. ఆమె నమ్మలే. "తినేటందుకైతే సచ్చినోళ్లను ఎవలన్న లేపుతరా? పనికే లేపుతరు" అని కొంగు కప్పుకుని పడుకుంది. సినిమా అయిపోయేదాకా ఉంటే ఆఖరు సీను చూసేది. రాత్రంతా జాంబీలతో కొట్లాడి బతికిన నల్లజాతి హీరో బెన్ (డ్యూయేన్ జోన్స్ చేసిండు) పొద్దున కిటికీ కాడికి వస్తే, కాపాడేటందుకు వచ్చిన తుపాకుల గుంపు వాన్నీ జాంబీ అనుకుని కాలుస్తది. కొక్కేలతో శవాన్ని లాక్కపోయి మంటల వేస్తరు. ఆ సీను కాడ మాత్రం మేము ఎవ్వరం మాట్లాడలే.

తెల్లారి మా నవ్వు గుర్తొచ్చిందో ఏమో, చాయ్ తాగుకుంట దాది తన చిన్నప్పటి ముచ్చట చెప్పింది. గడి నుంచి పిలుపొస్తే ఇంటికి ఒకరు పోవాలె. జ్వరమున్నా పోవాలె, కాన్పై మూడొద్దులే అయినా పోవాలె. కూలి అడిగేది లేదు. "సచ్చినోడొక్కడే తప్పిచ్చుకునేటోడు" అంది. జనగామోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. విసునూరు దేశ్‌ముఖ్ వెట్టి, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కొట్లాట, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చుడు, ధర్మాపురం తండా జాటోత్ ఠానూ నాయక్, అందరికీ తెలిసిన చరిత్రే. కాకపోతే పరీక్షకు చదివిన చరిత్ర వేరు, చాయ్ గ్లాసు పట్టుకున్న దాది నోట వింటే వేరు.

హాస్టల్‌కు వచ్చినంక అసలు జాంబీ అనే మాట ఎక్కడిదా అని వెతికినం. వెతికినకొద్దీ దాది ముందర సిగ్గనిపించింది. ఆ మాట హైతీది. ఫ్రెంచోళ్లు ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఎత్తుకొచ్చి చెరుకు తోటల్లో బానిసలుగా వాడుకున్న దీవి. సచ్చిపోతే ఆత్మ ఆఫ్రికాకు, సొంత ఊరికి పోతదని వాళ్ల నమ్మకం. అందుకే వాళ్లకు చావు భయం కంటే పెద్ద భయం ఇంకొకటుండేది. మంత్రగాడు శవాన్ని లేపి, చచ్చినంక కూడా తోటలో పని చేయిస్తే? ఇంటికి పోయే ఆ ఒక్క తొవ్వ కూడా మూసేస్తే? అదే జాంబీ. అది ఎవర్నీ కరవదు, ఎవర్నీ తినదు. తల వంచుకుని పని చేస్తది, అంతే. మనుషుల్ని తినుడు రొమెరో సినిమా నుంచి మొదలైంది. ఆ సినిమాలో జాంబీ అనే మాట కూడా ఒక్కసారి వినపడదు.

ఆ బానిసలు 1791లో తిరగబడ్డరు, 1804 జనవరి 1న దేశమే తెచ్చుకున్నరు. తర్వాత 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం అక్కడ తిష్ఠ వేసింది. అప్పుడే ఈ కథలు అమెరికాకు చేరి, 1932లో 'వైట్ జాంబీ' అనే సినిమా వచ్చింది. అది కూడా ఫ్రీగానే దొరుకుతది, గంటకు కొంచెం ఎక్కువ, చూడండి. దాంట్లో చక్కెర మిల్లు సీను ఒకటుంది. జాంబీలు గానుగ తిప్పుతుంటరు. ఒకడు తూలి చెరుకు నలిగే కాడ పడిపోతడు. మిగిలినోళ్లు ఆగరు, తిప్పుతనే ఉంటరు. ఏ కొత్త సినిమాలోనూ మాకు అంత భయం కాలే.

ఇంకో ముచ్చట. హైతీ కథల్లో జాంబీకి పొరపాటున కూడా ఉప్పు పెట్టరు. ఉప్పు నాలుకకు తగిలితే తానెవరో గుర్తొచ్చి, పని పారేసి, సొంత సమాధికి నడిచిపోతదంట. మన దిక్కేమో ఉప్పు తిన్న విశ్వాసం అంటరు. అక్కడ ఉప్పు తింటే దొరను విడిచిపెట్టి పోతరు, ఇక్కడ ఉప్పు తింటే దొరకు కట్టుబడి ఉండాలె. రెండు సామెతలూ తయారు చేసినోళ్లు ఒకళ్లు కాదని మాత్రం తెలుస్తుంది.

ఇవన్నీ చదువుకుని మాకు మేమే పెద్ద మేధావులం అనుకుంటున్న రోజుల్లోనే, శ్రావణమాసంలో, క్లాస్‌మేట్ అక్క పెండ్లికి పోయినం. హన్మకొండలో పెద్ద ఫంక్షన్ హాల్. రాత్రి పదకొండు అయితున్నది. బంతిలో కూచున్నం. ఎర్ర టీషర్టు, తలకు ప్లాస్టిక్ టోపీ, చేతిలో కూర బకెట్‌తో వచ్చిండు భూపాలపల్లోడు. మమ్మల్ని చూసిండు. ఎవరో తెలియనట్టు తల వంచుకుని "చికెన్ వేయాల్నా అన్నా?" అని అడిగిండు. మేము కూడా, ఎందుకో ఇప్పటికీ తెలియదు, తెలియనట్టే "వెయ్" అన్నం. వాడు వేసుకుంట ముందుకు పోయిండు.

వాళ్ల బాపు తేనె కోసం చెట్టెక్కి పడి నడుం దెబ్బతిని మంచంలో ఉన్నడని, చెల్లె నర్సింగ్ ఫీజు వీడే కడుతున్నడని, క్యాటరింగ్‌లో రాత్రికి 400 ఇస్తరని, పాత్రలు కడిగి సర్దేసరికి తెల్లారుతదని తర్వాత తెలిసింది. రెండేండ్లు ఒకే రూమ్‌లో పడుకున్నం. హైతీలో పనోళ్ల ముచ్చట ఇంటర్నెట్‌లో దొరికింది కానీ పక్క మంచం ముచ్చట మాకు దొరకలేదు. ఆ పేరుతో పిలవడం మేము ఆపినం. మిగిలిన హాస్టల్ ఆపలే. హాజరు తక్కువైందని ఫైనలియర్ పరీక్షకు కూచోనియ్యలే. దసరాకు పోయినోడు మళ్ల రాలే. క్షమించమని మేము ఒక్కనాడు కూడా నోటితో అడగలే. ఫోన్ చేస్తే సినిమాల గురించే మాట్లాడుకునేటోళ్లం, అది తేలిక కదా.

2021 ఫిబ్రవరిలో 'జాంబీ రెడ్డి' వచ్చినప్పుడు ముందు వాడే ఫోన్ చేసిండు. కరోనాతో థియేటర్లు మూతపడి అప్పుడప్పుడే తెరుచుకున్న రోజులు. ప్రశాంత్ వర్మ తీసిండు, తేజ సజ్జా హీరో. రాయలసీమ ఫ్యాక్షన్ ఊర్లోకి జాంబీలు వస్తే ఎట్లుంటదో, ఆ వేటకొడవళ్లు ఎవరి మీదికి లేస్తయో, ఆ ఐడియాకే పైసా వసూల్. తెలుగులో జాంబీ సినిమా వచ్చిందని మేము ఎవరో మా ఇంట్లోనే సినిమా తీసినట్టు సంబరపడ్డం. వాడు హైదరాబాద్‌లో ఒక్కడే చూసిండు. "మనూర్ల తీస్తే ఎట్లుంటదిరా" అన్నడు. "మేడారం జాతర బస్సులల్ల తియ్యాలె" అని మానుకోటోడు. ఆ కథ ఇప్పటికీ ఫోన్ మీద నడుస్తనే ఉంది, క్లైమాక్స్ కుదరట్లే.

ఈ పోస్ట్ రాసి ముందు వానికే పంపినం. ఒక్కటే మార్చమన్నడు, మొదట రాసిన ఊరు పేరు తీసేయమన్నడు. "మిగతాది ఉండనియ్యి, నిజమే కదా" అన్నడు. వాని చెల్లె ఇప్పుడు స్టాఫ్ నర్స్.

2025 జూన్‌లో '28 ఇయర్స్ లేటర్' వచ్చినప్పుడు ఐదుగురం కలిసి చూద్దామని నెల ముందే అనుకున్నం. వాడు ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ, నైట్ డ్యూటీ. లీవ్ దొరకలే. మేము నలుగురం సెకండ్ షోకు పోయినం. ఇంటర్వెల్‌ల మెసేజ్ వచ్చింది, "నడిచేటియా, ఉరికేటియా?" అని. రెండు పార్టీలకూ ఉన్నయిరా, నేల మీద పాకేటియి కూడా ఉన్నయి అని పెట్టినం. పొద్దున ఆరు దాటినంక, డ్యూటీ దిగినంక, నీలం టిక్కులు పడ్డయి.