తెగిన పోగు

నేను మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చున్ననాటికి నాకు ఇరవై ఒక్క సంవత్సరాలు. ఆ తరువాత ఏడాది తిరగకుండానే ఒక అంతర్జాతీయ సంస్థ నిర్వహించే సాఫ్ట్‌వేర్ పరీక్షకు కూర్చున్నాను. తప్పాను. మూడు నెలల తరువాత మళ్లీ కూర్చున్నాను. ఆ రెండు పరీక్షల నడుమ నేను నేర్చుకున్న విషయం అంతకు ముందు పదిహేనేళ్ల చదువులో నాకు పట్టుబడలేదు. నావంటి పల్లెటూరి విద్యార్థులకు ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో ఆ అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మాది చీరాల దగ్గర ఒక చేనేత పల్లె. మా ఇంట్లో మనుషులకంటే మగ్గానికే ఎక్కువ చోటు. నాన్న గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేసేవాడు. అమ్మ, అక్క, నేను రాట్నం మీద కండెలు చుట్టి అందించేవాళ్లం. నా చదువు అంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. సెలవు రోజుల్లో సైకిలు మీద వేటపాలెం వెళ్లి సారస్వత నికేతనంలో పత్రికలు చదివేవాణ్ని. 1918లో స్థాపించిన ఆ గ్రంథాలయమే నాకు లోకాన్ని చూపిన కిటికీ. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి కంప్యూటరు ఉద్యోగాల గురించిన వార్తలు ఆ పత్రికల నిండా కనిపించేవి. గణితంలో బి.ఎస్సి. పట్టా చేతికి వచ్చిన 2004వ సంవత్సరంలో నేను కూడా ఒక ఇనుప పెట్టె, ఒక దుప్పటి తీసుకుని రాత్రి రైలెక్కి హైదరాబాదు చేరాను.

ఆనాటి అమీర్‌పేటను చూసినవారు మరచిపోలేరు. మైత్రీవనం చుట్టుపక్కల గోడలు, స్తంభాలు, మెట్లు అన్నీ శిక్షణ తరగతుల ప్రకటనలతో నిండి ఉండేవి. ఒక్కొక్క గదిలో వందలమంది విద్యార్థులు ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని పాఠం వినేవారు. ఉదయం ఏడు గంటలకు ఒక తరగతి, రాత్రి తొమ్మిదికి ఇంకొక తరగతి. నడుమ ఇడ్లీబండి దగ్గర నిలబడి కూడా యువకులు ప్రోగ్రాముల గురించే మాట్లాడుకునేవారు. ఆ మాటలు సగం నాకు అర్థమయ్యేవి కావు. ఆంగ్లం అర్థం కావడం లేదో, విషయమే అర్థం కావడం లేదో తెలుసుకునే శక్తి కూడా అప్పుడు నాకు లేదు.

అందరూ జావా నేర్చుకోమన్నారు. జేమ్స్ గోస్లింగ్ ముఖ్య రూపకర్తగా సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో లోకానికి అందించిన ప్రోగ్రామింగ్ భాష అది. ఒకసారి రాసిన ప్రోగ్రాము ఏ రకమైన కంప్యూటరు మీదనైనా నడవడం దాని ప్రత్యేకత. మనం రాసినదాన్ని జావా ముందుగా బైట్‌కోడ్ అనే మధ్యరూపంలోకి మారుస్తుంది. ఆ మధ్యరూపాన్ని ఆయా కంప్యూటర్లలో ఉండే జావా వర్చువల్ మెషీన్ చదివి నడిపిస్తుంది. ఈ భాషలో పరిజ్ఞానాన్ని పరీక్షించి సన్ సంస్థ ధ్రువపత్రం ఇచ్చేది. దానిని ఎస్.సి.జె.పి. అనేవారు. ఇంజనీరింగు పట్టా లేనివాడికి ఆ ధ్రువపత్రం ఉంటే కనీసం ఇంటర్వ్యూకు పిలుపు వస్తుందని మా హాస్టలులోని సీనియర్లు చెప్పారు.

పరీక్ష రుసుము మా ఇంటి రెండు నెలల సంపాదన. నాన్న ఆ సొమ్మును మాస్టర్ వీవరు దగ్గర బయానాగా తీసుకుని పంపాడు. అంటే ఇంకా నేయని చీరల కూలిని ముందుగానే నా పరీక్షకు ఖర్చు పెట్టాడన్నమాట. ఈ సంగతి అక్క రాసిన ఉత్తరం ద్వారా తెలిసింది. అది చదివిన రోజు నుంచి నాకు చదువు మీద శ్రద్ధకంటే ఓటమి మీద భయం ఎక్కువైంది. భయపడేవాడు దగ్గరి దారి వెతుక్కుంటాడు. నేనూ అదే చేశాను.

అప్పట్లో అంతకు ముందు పరీక్ష రాసినవారు గుర్తు పెట్టుకుని రాసిన ప్రశ్నలను, జవాబులను పుస్తకంగా కుట్టి జిరాక్సు దుకాణాల్లో చాటుగా అమ్మేవారు. వాటిని 'డంప్స్' అనేవారు. మా గదిలో ఉండే ఒక మిత్రుడు అటువంటి ప్రతిని నా చేతిలో పెట్టి, "ప్రోగ్రాములు రాస్తూ కూర్చుంటే ఏడాది పడుతుంది. ఇది బట్టీ పట్టు, పదిహేను రోజుల్లో గట్టెక్కుతావు" అన్నాడు. ఆ సలహా నాకు నచ్చింది. మూడు వందలకు పైగా ప్రశ్నలను ఎక్కాలు వల్లించినట్లు వల్లించాను. ప్రశ్నలోని మొదటి రెండు వరుసలు చూడగానే జవాబు అక్షరం చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఆ జవాబు ఎందుకు సరైనదో మాత్రం ఒక్కదానికి కూడా చెప్పలేను.

పరీక్ష రోజున రెండు గుర్తింపు కార్డులు చూపించి, చేతిసంచిని లాకరులో పెట్టి లోపలికి వెళ్లాను. చల్లని గది, పైన కెమెరా, ఎదుట కంప్యూటరు. మొత్తం 61 ప్రశ్నలు, 120 నిమిషాల సమయం. ఉత్తీర్ణతకు 52 శాతం, అంటే 32 ప్రశ్నలకు సరైన జవాబులు కావాలి. ప్రశ్నలకు ముందు తెర మీద ఒక ఒప్పంద పత్రం కనిపించింది. ఈ పరీక్షలోని ప్రశ్నలను ఎవరికీ వెల్లడించనని అభ్యర్థి అంగీకరించాలి. లాకరులోని నా సంచిలో ఉన్న పుస్తకం, ఎవరో ఆ మాట తప్పినందువల్లనే నాకు చేరింది. ఆ సంగతి మనసులో మెదిలినా, అంగీకరిస్తున్నానని నొక్కి ముందుకు సాగాను.

మొదటి నాలుగు ప్రశ్నలు చూడగానే సంతోషం కలిగింది. అన్నీ తెలిసినవే. అయిదో ప్రశ్న కూడా నేను బట్టీ పట్టినట్లే ఉంది. జవాబు గుర్తించబోతూ ఎందుకో మళ్లీ చదివాను. పుస్తకంలో ఉన్న 'సింక్రనైజ్డ్' అనే పదం తెర మీది ప్రోగ్రాములో లేదు. ఆ ఒక్క మాట లేకపోతే ఏమవుతుంది? నాకు తెలియదు. వెనక్కి వెళ్లి మొదటి నాలుగు ప్రశ్నలను మళ్లీ చూశాను. వాటిలోనూ ఎక్కడో ఒకచోట ఒక అంకెో, ఒక గుర్తో మారి ఉంది. ప్రశ్నలు తయారుచేసేవారు మనకంటే ముందుచూపు గలవారని అప్పుడు తెలిసింది. మిగిలిన సమయమంతా చీకటిలో దారి తడుముకున్నట్లు గడిచింది. చివరి మీట నొక్కగానే ఫలితం తెర మీదికి వచ్చింది. 42 శాతం. విభాగాల వారీగా మార్కులు అచ్చువేసిన కాగితం చేతికి ఇచ్చారు. అన్నింటికంటే తక్కువ మార్కులు వచ్చిన విభాగం పేరు 'థ్రెడ్స్', అంటే దారాలు. నేతగాడి కొడుకును దారాల దగ్గరే తప్పాను.

ఆ సాయంత్రం ఎస్.టి.డి. బూతు నుంచి మా వీధి చివరి కిరాణా కొట్టుకు ఫోను చేశాను. నాన్న వచ్చి, "పరీక్ష అయిందా?" అని అడిగాడు. "ఇంకా లేదు నాన్నా, వాయిదా పడింది" అన్నాను. ఆయన నమ్మాడు. నమ్మినందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి వారం ఇంటికి వెళ్లాను.

నేను వెళ్లేసరికి నాన్న మగ్గంలో ఉన్నాడు. పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాను. డంప్స్ సంగతీ చెప్పాను, ఫోనులో ఆడిన అబద్ధమూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంతలో పడుగులో ఒక పోగు తెగింది. మగ్గం ఆపి, తెగిన కొసను వెతికి పట్టుకుని, అచ్చులోనుంచి తీసి, అతికి, అప్పుడు అన్నాడు. "పోగు తెగడం తప్పు కాదురా. రోజూ తెగుతూనే ఉంటాయి. తెగలేదన్నట్టు నేసుకుంటూ పోయామనుకో, చీర పొడవునా గీత పడుతుంది. ఎక్కడ తెగిందో చూసుకుని అక్కడ ఆపి అతుక్కోవాలి." సొమ్ము గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అమ్మ మాత్రం నేను తిరిగి బయలుదేరేటప్పుడు చాటుగా కళ్లు తుడుచుకుంది.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక మొదట చేసిన పని ఆ జిరాక్సు ప్రతిని చించివేయడం. రెండోసారి రుసుము నేనే సంపాదించాలని నిర్ణయించుకుని ఒక డి.టి.పి. కేంద్రంలో సాయంకాలాలు తెలుగు టైపు చేసే పనికి కుదిరాను. పగలు చదువు. ఈసారి పద్ధతి మార్చాను. రెండు వందల పేజీల పుస్తకం కొని ప్రతి పేజీ మధ్యలో గీత గీశాను. చిన్న ప్రోగ్రాము ఒకటి రాసి, దాన్ని నడపడానికి ముందే ఏ ఫలితం వస్తుందో ఎడమవైపు రాసేవాణ్ని. నడిపిన తరువాత నిజంగా వచ్చిన ఫలితాన్ని కుడివైపు రాసేవాణ్ని. రెండూ కలవకపోతే కారణం తెలిసేదాకా పేజీ తిప్పకూడదు. ఇదే నేను పెట్టుకున్న నియమం.

మొదటి వారంలో ఎడమకు, కుడికి పొత్తు కుదిరిన రోజు లేదు. ఒక ఉదాహరణ చెబుతాను. 'ఎక్స్' అనే చలరాశిలో అయిదు ఉంది. ఎక్స్‌కు ఒకటి కలిపే 'ప్లస్ ప్లస్' గుర్తును ఎక్స్ వెనుక పెట్టి, వచ్చిన విలువను తిరిగి ఎక్స్‌లోనే నిలపమన్నాము. ఇప్పుడు ఎక్స్ విలువ ఎంత? ఆరు అని రాశాను. అయిదు వచ్చింది. ఒక పూటంతా ఆలోచించాక తెలిసింది. జావా ముందుగా పాత విలువ అయిదును పక్కన పెడుతుంది. తరువాత ఎక్స్‌ను ఆరు చేస్తుంది. చివరికి పక్కన పెట్టిన అయిదునే తెచ్చి ఎక్స్‌లో వేస్తుంది. మరొక ఉదాహరణ. వేరువేరుగా సృష్టించిన రెండు మాటల్లో అవే అక్షరాలు ఉన్నా, రెండు సమాన గుర్తులతో పోల్చితే జావా 'కాదు' అంటుంది. 'ఈక్వల్స్' అనే పద్ధతితో పోల్చితే 'అవును' అంటుంది. ఒకే రంగు, ఒకే అంచు గల రెండు చీరలు సమానమే కాని, ఆ రెండూ ఒకే చీర కావు. ఇలా ఆలోచించిన తరువాత ఆ తేడాను నేనెన్నడూ మరచిపోలేదు.

దారాల విభాగం దగ్గర మా ఇంటి రాట్నమే నాకు గురువైంది. ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో సాగే పనులను థ్రెడ్స్ అంటారు. రెండు పనులకు ఒకే వస్తువు కావలసి వచ్చినప్పుడు, ఒకటి వాడుతుండగా రెండోది చొరబడకుండా తాళం వేయాలి. సింక్రనైజ్డ్ అనే మాట చేసే పని అదే. మా ఇంట్లో రాట్నం ఒక్కటే. అక్క రాట్నం ముందు కూర్చుని కునుకు తీసిందనుకోండి, ఆమె లేచేదాకా నాకు రాట్నం దొరకదు. జావాలోని 'స్లీప్' అటువంటిది. అది తాళాన్ని వదలదు. అలా కాక, నూలు అందలేదని అక్క లేచి పక్కన కూర్చుంటే రాట్నం నాకు దొరుకుతుంది. నూలు వచ్చాక రాట్నం ముందున్న నేను పిలిస్తే అక్క మళ్లీ రావచ్చు. కాని నేను లేచేదాకా ఆగవలసిందే. 'వెయిట్', 'నోటిఫై' అనేవి ఇవే. ఇక రాట్నం ముందు కూర్చోనివాడు దాన్ని వదిలిపెడతానంటే అర్థం లేదు కదా! తాళం తన చేతిలో లేకుండా 'వెయిట్' అన్న పనిని జావా కూడా తప్పుపట్టి ఆపేస్తుంది. పరీక్షలో నన్ను నిలదీసిన అయిదో ప్రశ్నకు జవాబు ఇదే. అది దొరికిన రాత్రి హాస్టలు మేడ మీదికి వెళ్లి ఒంటరిగా చాలాసేపు నడిచాను. పరీక్ష గట్టెక్కిన రోజున కూడా అంతటి ఆనందం కలగలేదు.

మూడు నెలల తరువాత అదే గదిలో, అదే చల్లదనంలో మళ్లీ కూర్చున్నాను. ఒప్పంద పత్రాన్ని ఈసారి పూర్తిగా చదివి అంగీకరించాను. తెలియని ప్రశ్నలు ఈసారీ ఉన్నాయి. వాటికి గుర్తు పెట్టుకుని, తెలిసినవి ముగించాక తిరిగి వచ్చి, ఇచ్చిన కాగితం మీద ఒక్కొక్క వరుసనూ చేతితో నడిపి చూశాను. 80 శాతం వచ్చింది. కిరాణా కొట్టుకు ఫోను చేసి చెప్పగానే నాన్న, "మంచిది. అన్నం తిన్నావా?" అన్నాడు. అంతే.

ధ్రువపత్రం రాగానే ఉద్యోగం రాలేదు. అనుభవం లేదని కొందరు, ఆంగ్లం సరిగా మాట్లాడడం లేదని కొందరు తిప్పి పంపారు. ఏడు నెలల తరువాత ఒక చిన్న సంస్థలో అవకాశం దొరికింది. మొదటి జీతంతో నాన్న తీసుకున్న బయానా తీరింది.

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2010లో ఒరాకిల్‌లో కలిసిపోయింది. ఆ పరీక్ష పేరు కూడా మారింది. 2018 నుంచి ఆరు నెలలకొకసారి జావాకు కొత్త రూపం వస్తోంది. నేను పరీక్ష కోసం చదివిన అంశాల్లో కొన్నింటికి ఇప్పుడు మునుపటి ప్రాధాన్యం లేదు. అడిగితే ప్రోగ్రామును తామే రాసి ఇచ్చే సాధనాలు కూడా నేడు వచ్చాయి. అయినా అవి రాసి ఇచ్చినదానిలో పోగు ఎక్కడ తెగిందో చూడవలసిన బాధ్యత మనిషి మీద ఉండనే ఉంది. అందుకే నడుమ గీత గీసిన ఆ పాత పుస్తకాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. దాని ఎడమవైపు నేను అనుకున్నవి, కుడివైపు నిజంగా జరిగినవి ఉన్నాయి. కొత్త విషయం ఏది నేర్చుకోవలసి వచ్చినా నేటికీ ముందుగా ఒక తెల్లకాగితం తీసుకుని నడుమ గీత గీస్తాను.