చెవులతో చదివిన డగ్లస్

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాను నేను ఎక్కువగా చెవులతోనే చదువుతున్నాను. అంట్లు తోముకుంటూ, సాయంత్రం నడకకి వెళ్తూ. అన్నిటికన్నా నన్ను కదిలించింది ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన ఆత్మకథ. అది వినాల్సిన పుస్తకమే అనిపిస్తుంది. ఎందుకంటే రాయకముందు ఆయన ఆ కథను సభల్లో చెప్పాడు. 1838లో బానిసత్వం నుంచి తప్పించుకుని, 1841లో నాన్‌టకెట్ సభలో మాట్లాడాక, ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. ఇంత చక్కగా మాట్లాడేవాడు నిజంగా బానిసగా బతికాడా అని జనం అనుమానించారు. అందుకే యజమానుల పేర్లు, ఊళ్లతో సహా రాసేశాడు. దాంతో పట్టుబడే ప్రమాదం వచ్చిపడి, సముద్రం దాటి ఐర్లండ్, బ్రిటన్‌లకు వెళ్లాల్సి వచ్చింది.

డగ్లస్ చిన్నప్పటి బాల్టిమోర్ ఘట్టాన్ని మాత్రం వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ వింటాను. ఓడలు కట్టేచోట వడ్రంగులు, ఏ దుంగ ఏ పక్కన బిగించాలో గుర్తుగా, దాని మీద ఒకటి రెండు అక్షరాలు రాసేవాళ్లు. వాటిని చూసే ఆ పిల్లాడు రాయడం మొదలుపెట్టాడు. ఆకలితో ఉన్న తెల్లపిల్లలకు రొట్టె పెట్టి చదువు చెప్పించుకున్నాడు. ఇక్కడ చదివేవాళ్లు గొంతు పెంచకపోతేనే నాకు ఇష్టం. ఆ వాక్యాలకు నాటకీయత అక్కర్లేదు.

ఇప్పుడు అమెరికా అంతర్యుద్ధ సేనాని, ఆ తర్వాత అధ్యక్షుడైన గ్రాంట్ జ్ఞాపకాలు వింటున్నాను. గొంతు కేన్సర్‌తో మాట పడిపోయేదాకా కొంత చెప్పి రాయించి, ఆపైన తానే రాస్తూ, 1885 జూలైలో పూర్తిచేసిన కొద్దిరోజులకే కన్నుమూశాడాయన. ప్రస్తుతం ఆ యుద్ధంలోని విక్స్‌బర్గ్ ముట్టడి దగ్గరున్నాను.